పెద్దవారి నిర్ణయశక్తి తగ్గుతోందా? ఇంట్లో ఎలా పరిశీలించాలి

“నాన్నగారికి ఎనభై దాటాయి. ఇల్లు అన్నయ్య పేర రాస్తానంటున్నారు, రాయనివ్వాలా?” “అమ్మ ఎవరో ఫోను చేస్తే డబ్బు పంపేసింది, ఇక కార్డు తీసేసుకోవాలా?” “మామగారు ఆపరేషన్ వద్దంటున్నారు, ఆ మాటకు విలువ ఇవ్వాలా?” వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చినా ఈ ప్రశ్నలన్నింటి వెనుకా ఉన్న సందేహం ఒక్కటే: ఈ మనిషి ఈ నిర్ణయం తెలిసే తీసుకుంటున్నారా?

దాన్ని ఇంట్లోనే కొంతవరకు తేల్చుకునే పద్ధతి కింద ఉంది. ఇది వడపోత మాత్రమే. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గే జబ్బు) ఉందో లేదో దీనితో తెలియదు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలా, వెళితే ఏం అడగాలి, ఈలోగా ఏ సంతకాలు ఆపాలి అన్నంత వరకు తెలుస్తుంది.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం. తేదీ, సమయం, జరిగింది జరిగినట్టు రాయడానికి.
- వాడుతున్న మందులన్నీ, పాత చీటీలతో సహా. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, మోకాళ్ళ నొప్పులకు ఎవరో ఇచ్చిన పొడులు కూడా.
- కళ్ళద్దాలు, వినికిడి యంత్రం. యంత్రంలో బ్యాటరీ పనిచేస్తోందో లేదో ముందే చూడండి.
- నిర్ణయానికి సంబంధించిన అసలు కాగితం: దస్తావేజు ముసాయిదా, ఎఫ్‌డీ రసీదు, ఆసుపత్రి అంగీకార పత్రం.
- పెద్దాయనను పదేళ్ళ క్రితం నుంచి దగ్గరగా చూసినవారు, ఆ నిర్ణయంలో లాభనష్టాలు లేనివారు ఒకరు. పక్కింటివారు కావచ్చు, పాత సహోద్యోగి కావచ్చు, ఏళ్ళుగా వంట చేస్తున్నామె కావచ్చు.
- రెండు, మూడు వారాల వ్యవధి. రేపే రిజిస్ట్రేషన్ పెట్టుకుని ఈ రోజు పరిశీలించవద్దు.

అన్నిటికంటే ముందు కావలసింది ఆయన అనుమతి. “నాన్నా, ఇంత పెద్ద పని చేస్తున్నాం, అన్నీ మీకు స్పష్టంగా ఉన్నాయో లేదో ఒకసారి మాట్లాడుకుందాం” అని చెప్పి కూర్చోండి. చాటుగా పరీక్ష పెట్టారని తర్వాత తెలిస్తే ఆయన ఇక మీతో ఏదీ చెప్పుకోరు.

1. ఏ నిర్ణయమో ముందు రాసుకోండి

“నాన్నకు నిర్ణయశక్తి ఉందా?” అన్న ప్రశ్నకు జవాబు లేదు. “ఈ ఇల్లు అన్నయ్యకు సెటిల్‌మెంట్ దస్తావేజుతో (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే పత్రంతో) రాసివ్వడం ఏమిటో నాన్నకు తెలుసా?” అన్నదానికి ఉంటుంది. ఏం వండాలో, ఎవరి దగ్గర ఉండాలో చక్కగా చెప్పగలిగినవారికి మూడు ఎఫ్‌డీలు విడగొట్టి మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే వ్యవహారం అందకపోవచ్చు. ఆ ఒక్కటి అందలేదని మిగతా హక్కులన్నీ లాక్కోవడం ఇళ్ళలో రోజూ జరిగే అన్యాయం.

మన చట్టాలూ ఇలాగే చూస్తాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 12 ప్రకారం, ఒప్పందం చేసే సమయానికి దాన్ని అర్థం చేసుకుని తన మేలుకీడులు బేరీజు వేసుకోగలిగితే ఆ మనిషికి స్థిమితబుద్ధి ఉన్నట్టే. మామూలుగా స్థిమితం లేనివారు కూడా స్థిమితంగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చు. వీలునామా విషయంలో 1925 వారసత్వ చట్టం సెక్షన్ 59 కూడా ఇదే ధోరణిలో ఉంటుంది.

నిర్ణయం ఎంత పెద్దదైతే, తప్పితే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమైతే, అంత జాగ్రత్తగా చూడండి. గుడికి ఐదు వందలు ఇవ్వడానికీ, ఉన్న ఒక్క ఇల్లు ఇచ్చేయడానికీ ఒకే కొలత పనికిరాదు.

2. మార్పు ఎప్పుడు మొదలైందో తేల్చండి

ఈ అడుగు దాటేసి ముందుకు పోవద్దు. మార్పు గంటల్లోనో రోజుల్లోనో వచ్చి ఉంటే అది వయసు వల్ల వచ్చింది కాదు, అత్యవసరం. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు తేదీ తప్పు చెబుతున్నా, లేని మనుషులు కనిపిస్తున్నారంటున్నా, సాయంత్రానికి గందరగోళం పెరుగుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగరు పడిపోవడం, మన ఇళ్ళలో తరచూ వినే “సోడియం పడిపోయింది” ఇవన్నీ ఇలాగే బయటపడతాయి. కొందరు అరవరు, కలవరించరు. ఊరికే మగతగా పడుకుంటారు. “పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు” అని వదిలేసేది వీళ్ళనే. సోడియం అనుమానంతో ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టవద్దు. ఎంత, ఎంత వేగంగా పెంచాలన్నది డాక్టరు చూసుకోవలసిన పని.

మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చేయి పట్టు తప్పడం ఉంటే పక్షవాతం కావచ్చు, 108కి ఫోను చేయండి. ఇటీవల కిందపడి ఉంటే, దెబ్బ చిన్నదైనా సరే, ఆ సంగతి చెప్పండి. పెద్దవయసులో మెదడు పొరల మధ్య రక్తం నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తర్వాత మతిమరుపులా కనిపించవచ్చు.

నెలల తరబడి వచ్చిన మార్పయినా అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం (శాకాహారుల్లోనూ, ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ ఎక్కువ), డిప్రెషన్, చెవుడు, నిద్రమాత్రలు, మత్తునిచ్చే పాతరకం అలర్జీ మాత్రలు ఇవన్నీ మనిషిని అలా కనిపించేలా చేస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. భర్తో భార్యో పోయిన ఏడాదిలోపు ఉన్నవారి విషయంలో మరీ నిదానించండి.

3. రెండు వారాలు గమనించి రాయండి

పోలిక ఎప్పుడూ ఆయనతో ఆయనకే. ఎప్పుడూ లెక్కలు చూడని అమ్మమ్మకు బ్యాంకు స్టేట్‌మెంట్ అర్థం కాకపోతే అది లక్షణం కాదు. ముప్పై ఏళ్ళు చీటీలు నడిపిన మనిషి ఈ నెల ఎవరు పాడారో చెప్పలేకపోతే అది లక్షణం.

డబ్బు దగ్గర తేడాలు ముందుగా కనిపించడం మామూలు. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, డిమెన్షియా బయటపడటానికి ఆరేళ్ళ ముందు నుంచే కొందరు బిల్లులు కట్టడం తప్పుతూ వచ్చినట్టు తేలింది. కాబట్టి ఇక్కడ వెతకండి: ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, పింఛను తీసుకుని ఎక్కడ పెట్టారో తెలియక పనిమనిషిని అనుమానించడం, ఎన్నడూ లేనిది అడిగినవారందరికీ అప్పివ్వడం, సంతకం తీరు మారడం.

డబ్బు కాక ఇంకొన్ని: షుగరు మాత్ర రెండుసార్లు వేసుకోవడం, స్టవ్ ఆర్పకుండా రావడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, టీవీ రిమోట్‌తో ఫోను చేయబోవడం. మరో గుర్తు చిన్నదిగానే ఉంటుంది. ఏది అడిగినా ఆయన తల భార్య వైపు తిప్పుతారు, జవాబు ఆవిడ చెబుతుంది. ఇలాంటి జంటల్లో ఒకరి లోపాన్ని ఇంకొకరు ఏళ్ళ తరబడి కప్పిపుచ్చడం కద్దు. ఆవిడ పదిరోజులు ఊరికి వెళ్ళినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

“ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నారు” అని రాయవద్దు. “మంగళవారం ఉదయం 9 గంటలకు పాలవాడికి డబ్బిచ్చి, పదింటికి మళ్ళీ ఇవ్వబోయారు” అని రాయండి. డాక్టరుకు పనికొచ్చేది ఇది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా: వీడియో కాల్‌ని నమ్మవద్దు. పావుగంట సేపు “తిన్నారా, పిల్లలు ఎలా ఉన్నారు” అని మాట్లాడటానికి పాత అలవాటు చాలు. డిసెంబరులో వచ్చిన రెండోరోజే, మీ రాకతో ఇంట్లో వేళలన్నీ తారుమారై ఉన్నప్పుడు, పరీక్షకు కూర్చోబెట్టవద్దు. నాలుగైదు రోజులు ఊరికే పక్కన ఉండి చూడండి.

4. మాట్లాడే వేళను సిద్ధం చేయండి

ఆయన చురుగ్గా ఉండే సమయం ఎంచుకోండి. చాలామందికి ఉదయం టిఫిను తర్వాత బాగుంటుంది. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం పెట్టించండి, టీవీ ఆపండి. ఇంట్లో మాట్లాడే భాషలోనే, ఆయన వాడే మాటల్లోనే మాట్లాడండి. దస్తావేజు భాష చాలామంది యువకులకే అర్థం కాదు. “దఖలుపరచడమైనది” అని చదివి వినిపించి అర్థమైందా అని అడగడం పరీక్ష అనిపించుకోదు.

నిర్ణయం వల్ల లాభం పొందేవారు గదిలో ఉండకూడదు. అది మీరే అయితే ఈ సంభాషణ మీరు జరపవద్దు.

5. నాలుగు ప్రశ్నలు అడగండి

ముందు విషయం నిదానంగా, చిన్న ముక్కలుగా చెప్పండి. తర్వాత అడగండి. ఇల్లు రాసివ్వడాన్ని ఉదాహరణగా తీసుకుంటే:

*అర్థమైందా:* “ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పండి.”

*తనకు అన్వయించుకున్నారా:* “దానివల్ల మీకు ఏమవుతుంది? రేపు అన్నయ్యతో పడకపోతే ఎక్కడుంటారు?”

*బేరీజు వేసుకున్నారా:* “వీలునామా రాస్తే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ అయితే రిజిస్ట్రేషన్‌తోనే ఇల్లు చేతులు మారుతుంది. మరి ఇదే ఎందుకు ఎంచుకున్నారు?”

*తేల్చి చెప్పగలుగుతున్నారా:* “చివరికి ఏం చేద్దామంటారు?” మాట రానివారు సైగతో చెప్పినా, రాసి చూపినా సరే.

“అర్థమైందా నాన్నా?” అని అడగవద్దు. “ఆఁ, అయింది” అంటారు. మర్యాదకైనా అంటారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న ఏదీ వేయవద్దు.

జవాబు ఇలా వచ్చిందనుకోండి: “పెడితే ఇల్లు పెద్దవాడిదవుతుంది. నేను పోయేదాకా కింది వాటా నాదని రాయించాను. చిన్నవాడికి కోపం వస్తుంది, రానీ. వాడి చదువుకు పొలం అమ్మాను కదా.” మీకు నచ్చినా నచ్చకపోయినా ఆయన తెలిసే చేస్తున్నారు. “ఏదో బ్యాంకు కాగితమట, పెట్టమన్నాడు” అని ఒకసారి, విడమరిచి చెప్పాక కూడా “వాడెట్లా చెబితే అట్లా” అని మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆగాలి.

వైద్యం విషయంలోనూ ఇంతే. షుగరు పుండు ముదిరి కాలివేలు తీసేయాలన్నారు, పెద్దాయన వద్దన్నారు. “తీయకపోతే విషమెక్కి ప్రాణం పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఎనభై ఆరేళ్ళు వచ్చాయి, ఇక కోతలు వద్దు” అంటే అది నిర్ణయం. “నాకసలు షుగరే లేదు, కాలికి ఏమీ కాలేదు” అని, నల్లబడ్డ వేలును చూపించినా అదే మాటంటే అన్వయం దెబ్బతిన్నట్టు. వద్దన్న మాట రెండుచోట్లా ఒకటే. మీరు చూడవలసింది ఆ మాటకు ఆయన ఎలా చేరారన్నది. మానసిక చికిత్సల విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 4 దీన్ని సూటిగానే చెప్పింది: ఇతరులకు తప్పుగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదు.

డబ్బు నిర్వహణే సందేహమైతే మాటలతో సరిపెట్టక చిన్న పనులు చేయించండి. ఈ నెల కరెంటు బిల్లు చేతికిచ్చి ఎంత కట్టాలి, ఎప్పటిలోగా అని అడగండి. 500 నోటు ఇచ్చి 180 రూపాయల సరుకు తెమ్మని, మిగిలింది లెక్కపెట్టమనండి. “పింఛను ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోను చేస్తే ఏం చేస్తావమ్మా?” అని అడగండి.

6. మరో రోజు మళ్ళీ అడగండి

కనీసం రెండు రోజులు ఆగి, వీలైతే వేరే మనిషి చేత, అవే ప్రశ్నలు అడిగించండి. మాటలు పొల్లుపోకుండా కలవనక్కరలేదు. కారణం, నిర్ణయం నిలకడగా ఉన్నాయా అన్నదే చూడండి. మనసు మార్చుకుని, ఎందుకు మార్చుకున్నారో చెప్పగలిగితే అదీ సరే. మొదటిరోజు సంభాషణ జరిగిందనే గుర్తులేకపోయినా, మళ్ళీ చెప్పినప్పుడు అదే కారణంతో అదే నిర్ణయానికి వస్తే, మతిమరుపు ఉన్నా ఆ విషయంలో ఆలోచన నిలిచే ఉందన్నమాట.

7. ఫలితం ఎలా చదవాలి

నాలుగింటికీ రెండుసార్లూ నిలకడగా జవాబిస్తే ఆయన నిర్ణయం ఆయనదే. తారీఖుతో రాసిపెట్టుకుని పక్కకు తప్పుకోండి.

సాయం చేస్తే జవాబివ్వగలుగుతున్నవారు మధ్యలో ఉంటారు. ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. అంకెలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం, ఒక్కసారి ఒక్క విషయమే తేల్చుకోవడం, నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం వంటివి చాలు. సాయం అవసరమైతే సామర్థ్యం లేదని కాదు.

విడమరిచి చెప్పినా ఒక్కదానికైనా రెండుసార్లూ జవాబు అందకపోతే, లేదా మూడో అడుగులో రాసిన మార్పులు పెరుగుతూ ఉంటే, ఆ సంతకం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

విష్ణు సహస్రనామం పొల్లుపోకుండా చదువుతున్నారు కాబట్టి బాగున్నారనుకోవడం. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చింది చివరిదాకా నిలుస్తుంది. దానికీ కొత్త విషయం తూచి చూడటానికీ సంబంధం తక్కువ. దీనికి తిరగేసిన పొరపాటు, పేర్లు మర్చిపోతున్నారు కాబట్టి దేనికీ పనికిరారనుకోవడం.

జ్ఞాపకశక్తి ఒక్కటే చూడటం. మెదడు ముందుభాగం దెబ్బతినే రకం డిమెన్షియాలో జ్ఞాపకం మొదట్లో బాగానే ఉంటుంది, స్వభావం మారుతుంది. పొదుపరి దుబారా చేస్తారు, మితభాషి నోరు జారతారు. అరవై దాటకముందే రావచ్చు. “ఈ వయసులో బుద్ధి మారింది” అని ఇంట్లో తిట్టుకుంటూ ఉంటారు తప్ప డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళరు.

ఇంటర్నెట్‌లో దొరికే పరీక్షల మార్కులు చూసి తీర్పు చెప్పడం. గడియారం బొమ్మ గీయమనడం బడికి వెళ్ళినవారికి సరిపోతుంది. పెన్సిలు పట్టని చేతికి అది అవమానం. తేదీ అడిగితే తడుముకునే అవ్వ తిథి ఠక్కున చెప్పవచ్చు. వచ్చే పండుగ ఏది, ఇప్పుడు ఊళ్ళో ఏ పంట కోస్తున్నారు అని అడగండి.

మోసపోయారు కాబట్టి బుద్ధి తగ్గిందనుకోవడం. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే “డిజిటల్ అరెస్ట్” మోసంలో పెద్ద చదువులు చదివినవారే లక్షలు పోగొట్టుకున్నారు. తర్వాత ఏం జరిగిందో చూడండి. ఎలా మోసపోయారో చెప్పగలిగి, మళ్ళీ ఆ ఫోను ఎత్తకపోతే కంగారు లేదు. వారం తిరక్కుండా అదే నంబరుకు మళ్ళీ పంపితే లక్షణం. ఏదైనా సరే, సైబర్ మోసాల సహాయవాణి 1930కి వెంటనే ఫిర్యాదు చేయాలి.

అన్నిటికంటే పెద్దది, మనకు నచ్చని నిర్ణయం తీసుకున్నప్పుడే అనుమానం రావడం. మన పేర రాసినప్పుడు మాత్రం “నాన్న బుర్ర పాదరసం” అంటాం. నోటుపుస్తకంలో అనుమానం మొదలైన తేదీని, ఆస్తి మాట వచ్చిన తేదీని పక్కపక్కన రాసి చూసుకోండి.

8. డాక్టరు దగ్గర

న్యూరాలజిస్టు, మానసిక వైద్యులు, వృద్ధుల వైద్య నిపుణులు ఎవరైనా సరే. నోటుపుస్తకం, మందుల సంచి తీసుకెళ్ళండి. రక్తపరీక్షల్లో థైరాయిడ్, బి12, సోడియం, షుగరు మామూలుగా చూస్తారు. అవసరాన్ని బట్టి స్కాన్ రాస్తారు. జ్ఞాపకశక్తి పరీక్షలకు తెలుగు రూపాలు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో అడిగి మార్కులు వేస్తుంటే, తెలుగులో చేయమని అడగడానికి మొహమాటపడవద్దు.

“ఒక సర్టిఫికెట్ ఇవ్వండి” అనకండి. ఏ నిర్ణయం గురించో కాగితం మీద రాసి, “ఈ నిర్ణయం అర్థం చేసుకుని తీసుకోగల స్థితిలో ఉన్నారా, పరీక్షించి రాయండి” అని అడగండి. తేదీ, ఏం అడిగారు, ఏం చెప్పారు అన్నవి ఉన్న నివేదిక నిలుస్తుంది. రెండు వాక్యాల సర్టిఫికెట్ కోర్టులో పెద్దగా అక్కరకు రాదు.

9. స్థిమితం ఉండగానే చేసుకోవలసినవి

చాలా కుటుంబాలు జీపీఏ (పెద్దవారి తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం) ఒకటి రాయించుకుని ధైర్యంగా ఉంటాయి. అది సరిపోదు. ఒప్పందాల చట్టం సెక్షన్ 201 ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషికి స్థిమితం పోతే ఆ అధికారమూ రద్దవుతుంది. సరిగ్గా అవసరం పడే నాటికే అది చేతిలో ఉండదు. బ్యాంకు ఖాతాను ఇద్దరి పేర్ల మీదికి మార్చుకోవడం, నామినీలను సరిచూసుకోవడం, వీలునామాను ఇద్దరు సాక్షులతో రాయడం ముందే జరగాలి. ఆ తర్వాతైతే కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవలసి రావచ్చు, అది నెలల పని.

ఆస్తి ఇప్పుడే రాసివ్వాలనే పట్టుదల ఉంటే, పోషణ చూడాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద దస్తావేజు రద్దు కోరుతూ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఎవరైనా బలవంతంగా సంతకాలు చేయిస్తున్నారని అనుమానముంటే వృద్ధుల సహాయవాణి 14567.

పరిశీలన ఒక్కసారితో అయిపోదు. సందేహం మిగిలినవారి విషయంలో ఆరునెలలకోసారి, ఆసుపత్రిలో చేరి ఇంటికొచ్చిన నెలకు, కొత్త మందు మొదలుపెట్టాక, ఏ పెద్ద సంతకానికి ముందైనా మళ్ళీ ఒకటో అడుగు నుంచి మొదలుపెట్టండి. పాత నోటుపుస్తకం పారేయవద్దు.